మామా ఇంటి నాలుగో హోటలు

నా చిన్నప్పుడు, కువైట్‌లో, మా అమ్మ మూడు హోటళ్లను ఓడించింది. ఈ సంగతి ఇన్నేళ్లూ నోటితో చెప్పుకుంటూ వచ్చానే గాని కాగితం మీద పెట్టలేదు. పెట్టడానికి నాకు అక్షరాలు వచ్చేవి కావు. బడికి వెళ్లాల్సిన వయసులో నేను సల్వాలో ఒక అరబ్బుల ఇంట్లో వాళ్ల చంటిపిల్లల్ని ఎత్తుకుని తిరిగాను. అమ్మ ఆ ఇంట్లో తుడవడం, ఉతకడం చేసేది. నాన్న కారు నడిపేవాడు. తలంతా నెరిశాక, ఈమధ్యే, మా చర్చి వెనక గదిలో ఒక టీచరమ్మ నాబోటి వాళ్లను కూర్చోబెట్టి గుణింతాలు దిద్దించింది. నా పేరు రాయడం వచ్చాక ఇంకేం రాయాలా అని ఆలోచిస్తే ఇదే తోచింది.

మాది కోనసీమ. సల్వాలో మాకు పెరట్లో ఒక గది ఇచ్చారు, అందులోనే ముగ్గురం. ఇంటావిడను అందరిలాగే మేమూ మామా అనే పిలిచేవాళ్లం. మనసు మంచిదే. కానీ మిష్రిఫ్‌లో ఉండే వాళ్లక్క ఇండియా వంటవాణ్ణి పెట్టుకుని, కలిసినప్పుడల్లా ఆ వంట గొప్పలే చెప్పేది. వినీ వినీ మామాకూ అలాంటివాడు కావాలనిపించింది. వంటవాడు వస్తే నాన్నతో పాటు పెరటి గదిలో ఉంటాడు. అమ్మ ఇంట్లోపల ఒక మంచం పట్టే చోట పడుకుంటుంది. ఇక నాకే చోటు లేదు. పిల్లను ఊరికి, వాళ్ల అమ్మమ్మ దగ్గరికి పంపేయమని మామా నాన్నతో చెప్పింది. నాన్న తలూపి వచ్చాడు. ఆ పూట మా గదిలో ఎవరూ అన్నం సరిగా తినలేదు.

మామా అంతవరకు ఇండియా హోటల్లో అడుగు పెట్టలేదు. నాలుగు చోట్ల తిని చూసి, బాగున్న చోట నుంచి ఒక వంటవాణ్ణి తెచ్చుకుందామని ఆమె ఆలోచన. "నువ్వు హిందీవి కదా, ఏది బాగుందో నువ్వే చెప్పాలి" అని అమ్మను కూడా రమ్మంది. అక్కడ ఇండియా వాళ్లందరినీ హిందీలనే అంటారు. పిల్లల్ని పట్టుకోవడానికి నేను, కారు నడపడానికి నాన్న. అమ్మ సరేనంది గాని, మా ఊళ్లో హోటలంటే ఇడ్లీ, పెసరట్టు, టీ. కువైట్‌లో ఇండియా హోటళ్లంటే ఏమిటో మామాకు ఎంత తెలుసో మాకూ అంతే.

మొదట సాల్మియాలో ఎర్ర కుర్చీల హోటలుకు వెళ్లాం. పొయ్యి గోడకు కాల్చిన రొట్టెలు, ఎర్రటి నూనె తేలే కూరలు వచ్చాయి. రొట్టె తుంచి, ఇది మా అరబ్బుల రొట్టె ఖుబ్జే కదా అంది మామా. ఆ మాట నిజమో కాదో అమ్మకూ తెలియదు. ముందు టిఫిను పెట్టారు కాబోలు, అన్నం తర్వాత వస్తుందని అమ్మా నాన్నా చెరో ముక్క తిని చేతులు ఆపుకుని కూర్చున్నారు. వాళ్లను చూసి నేనూ ఆపాను. బల్ల తుడిచేశారు. కారు ఎక్కాక, మీ దేశపు వంట ఎలా ఉందని మామా అడిగితే, "ఇంకా పెట్టలేదు కదా మామా" అంది అమ్మ. మామా ఇల్లు చేరేదాకా నవ్వుతూనే ఉంది. గదిలోకి వచ్చాక నాన్న చద్దన్నం గిన్నె ముందేసుకుని, "ఆయ్, తీర్పు చెప్పడానికెళ్లినోళ్లం తినకుండా వచ్చేశాం" అన్నాడు.

అమ్మ నవ్వలేదు. అప్పుడు నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని మా అమ్మమ్మ సంగతి చెప్పింది. అమ్మమ్మ పెళ్లిళ్లకు వంట చేయడానికి వెళ్లేదట. పంక్తి లేచాక ఎవరినీ బాగుందా అని అడిగేది కాదట. నేరుగా ఎంగిలాకులు పడేసే చోటికి వెళ్లి నిలబడేదట. ఏది మిగిలిందో, ఏది విస్తరికి మరక కూడా లేకుండా పోయిందో చూసి, మరుసటి పూట వంట మార్చేదట. మొహమాటానికి మనిషి బాగుందంటాడు గాని ఆకు అనదుగా అని నవ్వేదట.

"మనకి ఆ కూరల పేర్లు తెల్దు. తెలియక్కర్లేదు. నువ్వు చెయ్యి కడుక్కోడానికి లేచి, పళ్లేలు ఎలాగొత్తున్నాయో చూసి రా" అంది అమ్మ.

రెండోసారి మురగాబ్‌లో బిర్యానీ హోటలు. చేతులు కడుక్కునే చోటు పక్కనే ఎంగిలి పళ్లేల తొట్టి ఉంది. సబ్బు చేతికి రాస్తూ, కడుగుతూ, మళ్లీ రాస్తూ చూశాను. ఎముకలు తెల్లగా ఉన్నాయి, అన్నం సగం మిగిలింది. వచ్చి చెవిలో చెబితే అమ్మ అడిగిన మాట నాకిప్పటికీ గుర్తుంది. "ఎవరి పళ్లేలే అయ్యి? తలకి గుడ్డ కట్టుకున్నోళ్లయ్యా, మనోళ్లయ్యా?" అది చూడలేదు. మళ్లీ వెళ్లి చూస్తే, అన్నం మిగిల్చింది తలగుడ్డల వాళ్లే. నాకు కడుపు నొప్పేమోనని మామా కంగారు పడింది.

మూడోది ఫహాహీల్‌లో సముద్రం దగ్గర, మలయాళీలది. అక్కడ కొబ్బరి వేసిన చేపల కూర పెట్టారు. ఈసారి బల్లలన్నీ దాటుకుంటూ నడిచాను. అరబ్బులు తిన్న చేపల గిన్నెలు పిల్లి నాకినట్టున్నాయి. కారంగా వేయించిన ముక్కలు మాత్రం పళ్లెం అంచుకు నెట్టేసి ఉన్నాయి. మామా కూడా కూర గిన్నె వైపు మళ్లీ మళ్లీ చెయ్యి చాపిందని అమ్మ అప్పటికే చూసి పెట్టుకుంది.

ఇక చెప్పు, ఎక్కడి వంటవాణ్ణి తేవాలి అని మామా అడిగింది. అమ్మకు వచ్చిన అరబ్బీ కొంచెమే. ఆ కొంచెంతోనే ధైర్యంగా అడిగింది. ఇంకో హోటలు ఉంది, వచ్చే శుక్రవారం మీ అక్కగారినీ పిలవండి, నేను వండుతాను, మిగిలితే వంటవాణ్ణి తెచ్చుకోండి, నా పిల్లను నేనే విమానం ఎక్కిస్తాను అని. నేను అమ్మ కొంగు పట్టుకు లాగాను. అంతకుముందు ఒకసారి అమ్మ పులుసు రుచి చూసి, కారానికి మామా కళ్లనీళ్లు పెట్టుకుంది మరి. "మళ్లీ ఆ నిప్పేనా?" అంది మామా. నిప్పు ఉండదంది అమ్మ.

శుక్రవారం తెల్లవారకముందే నాన్న వెళ్లి జుబేదీ చేపలు తెచ్చాడు. అవి మా చందువలే. అమ్మ మిరపకాయల గింజలు దులిపేసింది. చింతపండు పలచగా పిండి, అరబ్బులు పులుపుకు వాడే ఎండు నల్ల నిమ్మకాయలు చిదిపి వేసింది. దించే ముందు కొబ్బరిపాలు పోసింది. మా ఊరి పులుసే, పరాయి ఇంట్లో ఎలా మెలగాలో తెలిసిన పులుసు. పెద్ద పళ్లెంలో అన్నం మీద చేపలు పరిచి లోపలికి పంపింది. ఆ తర్వాత వాళ్లు తింటున్న గది గుమ్మం దగ్గరికైనా వెళ్లలేదు. నేను తొంగిచూడబోతే చెయ్యి పట్టుకుని లాగింది. "నోళ్లతో మనకేం పని? పళ్లెం రానీ."

పళ్లెం వచ్చింది. ఒక వారగా ముళ్లు కుప్పగా ఉన్నాయి. అన్నం మెతుకు లేదు. పులుసు గిన్నెను ఖుబ్జ్‌తో తుడుచుకు తిన్న గీతలు కనబడుతున్నాయి. ఆ వెనకే మామా అక్క వంటింట్లోకి వచ్చి, ఏ హోటలు నుంచి తెప్పించావో చెప్పమని చెల్లెల్ని గట్టిగా పట్టుకుంది. చెల్లెలు, హోటలు అదేనన్నట్టు, మా పెరటి గది వైపు చెయ్యి చూపించింది. "ఖలాస్, వంటవాడు వద్దు" అని మామా గేటు దగ్గరున్న నాన్నకు కేకేసి చెప్పింది. నాన్న చేతిలోని నీళ్ల గొట్టం వదిలేసి పరుగున వచ్చాడు. అమ్మ గిన్నె వొంపి చూపించి, "మనకి చుక్క మిగల్చలేదయ్యా, ఏం మనుషులో" అంది. ముగ్గురం కోడిగుడ్లు వేయించుకుని తిన్నాం. అంత కమ్మటి గుడ్లు నేను మళ్లీ తినలేదు.

తర్వాత నేనూ చాలా ఇళ్లలో, చాలామందికి వండాను. ఇప్పటికీ ఎవరినీ ఎలా ఉందని అడగను. మా అల్లుడు పొగిడినా పట్టించుకోను. కంచాలు ఎత్తేటప్పుడు ఒక చూపు చూస్తాను, అంతే. మనుషుల దగ్గర కూడా అదే చేస్తాను. ఏం అన్నారని కాదు, ఏం వదిలేశారో చూస్తాను.

ఆ శుక్రవారం మర్నాడు పొద్దున్నే నేను గరిటె కాడతో నీళ్ల ట్యాంకు పక్కన ఇసుక తవ్వి, అమ్మ ఊరి నుంచి తెచ్చి దాచిన తోటకూర విత్తనాలు చల్లాను. కోతకు రావడానికి నెల పడుతుందని తెలుసు. తెలిసే చల్లాను.