తెర వెనుక అభ్యర్థికి మైకు

2015లో సౌదీలోని అభా పట్నంలో నేను ఒక టెంట్ హౌస్‌లో సౌండ్ టెక్నీషియన్‌ని. ఆ దేశంలో ఆడవాళ్లు మొదటిసారి మున్సిపల్ కౌన్సిల్ ఎన్నికల్లో నిలబడిన ఏడాది అది. నౌరా అనే రిటైర్డ్ టీచర్ తన ప్రచార సభకు మా సామాను పెట్టించుకున్నారు. మహిళా అభ్యర్థి మగ ఓటర్ల ఎదుట నిలబడి మాట్లాడకూడదు. ఆమె తరఫున ఒక మగమనిషి మాట్లాడాలి, లేదా ఆమె తెర వెనుక ఉండాలి. ప్రసంగం చదవడానికి ఆమె తమ్ముడు ఒప్పుకున్నాడు.

సాయంత్రం అసర్ నమాజు అయ్యాక మగవాళ్లు వచ్చి కూర్చున్నారు. తమ్ముడు మాత్రం రాలేదు. నౌరా ఫోన్ చేస్తే, ఇంటి పెద్దలు వద్దన్నారని చెప్పి పెట్టేశాడట.

"మైకు ఇటివ్వు. నేనే మాట్లాడతాను," అన్నారు ఆమె తెర అవతలి నుంచి, అరబ్బీలో.

మా బండి నడిపే కడప ఖాదర్ నా చెవిలో అన్నాడు: "ఒద్దున్నా. రేపు ఎవురన్నా కంప్లైంట్ ఇస్తే ఆయమ్మను ఏమనరు, మనల్నే పట్టుకుంటారు. మనకు వీసా ఇచ్చిన కఫీల్ ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపిచ్చేస్తాడు."

"నాకు గూడ గదే భయమైతాంది," అన్నాను.

తెర దగ్గరికి వెళ్లి అడిగాను. "టీచర్‌గారూ, దీనికి అనుమతి ఉందా?"

"తెర ఉంది కదా. రూల్ చదివే చెబుతున్నాను. ఎవరైనా అడిగితే నా పేరు చెప్పు." గొంతు తగ్గించి అన్నారు, "నాకూ భయంగానే ఉంది."

ఆ మాటతో మైకు తెర కిందినుంచి అందించాను.

మిక్సర్ అంటే మైకుల శబ్దాన్ని పెంచి తగ్గించే పెట్టె. ఎవరైనా గొడవకు దిగితే వెంటనే ఆమె మైకు ఆపేయాలని, దాని మ్యూట్ బటన్ మీద వేలు పెట్టుకుని కూర్చున్నాను. ఆమె వీధిదీపాల గురించి, నీళ్ల ట్యాంకర్ల గురించి మాట్లాడుతున్నారు. ఇద్దరు లేచి వెళ్లిపోయారు. తర్వాత ముందు వరుసలోంచి ఒక ముసలాయన లేచి నేరుగా నా దగ్గరికే వచ్చాడు. నా వేలు బిగుసుకుంది.

"ట్యాంకర్ మా వీధికి ఎప్పుడొస్తుందంది? సరిగా వినబడలేదు. మళ్లీ చెప్పమను."

పక్కనున్న స్పేర్ మైకు ఆయన చేతికే ఇచ్చాను. ఆయన అడిగాడు. ఆమె జవాబిచ్చారు. అది కుదరదని ఆయన వాదించాడు. ఎందుకు కుదరదని ఆమె అడిగారు. మైకు మరొకరి చేతికి వెళ్లింది. పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ వినిపించేదాకా అలా సాగింది.

ఎన్నికలో ఆమె ఓడిపోయారు. మా మీద ఎవరూ ఫిర్యాదు చేయలేదు. అయినా చాలా రోజుల వరకు ఆఫీసు నుంచి ఫోన్ వస్తే ఎగ్జిట్ కబురేనేమో అనుకునేవాణ్ణి.

సభలో మాట్లాడేవాళ్ల గొంతు చివరి వరుసకు చేరితే నా పని అయిపోయిందనుకునేవాణ్ణి. ఇప్పుడు ఏ సభకు వెళ్లినా, ఎవరూ చెప్పకపోయినా, వినేవాళ్ల మధ్య కూడా ఒక మైకు పెట్టి వస్తున్నాను.