రావణుడికి గొంతు నొప్పి

జనగామ నుంచి నర్మెట్ట మీదుగా వెళ్ళే బస్సులో కండక్టరు పరశురాములు గొంతు వినబడకపోతే ప్రయాణికులకు బస్సు కదిలినట్టే అనిపించదు. ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితమైన నాటి నుంచి బస్సు మెట్ల దాకా నిండిపోతోంది. "జర లోపటికి జరుగుండ్రమ్మా, లోపట పెండ్లి జేసుకునేంత జాగున్నది" అని అతడు వెనుక నుంచి కేక వేస్తే, నవ్వుకుంటూనైనా జనం రెండడుగులు ముందుకు జరుగుతారు.

ఈ ఎండాకాలం ఆ గొంతుకు మరో పెద్ద పని పడింది. నర్మెట్ట దాటాక ఉన్న వాళ్ళ ఊళ్ళో శ్రీరామనవమికి చిరుతల రామాయణం ఆడతారు. రైతులు, కూలీలు, దుకాణదారులు కాళ్ళకు గజ్జెలు కట్టుకొని, చేతుల్లోని చిన్న కట్టె చిరుతలతో తాళం వేస్తూ, వలయంగా తిరుగుతూ కథను పాడతారు. వేషధారి చరణం ఎత్తుకుంటే మిగిలినవారు అందుకుంటారు. పరశురాములు పెండ్లికి ముందే కోతిమూకలో చేరాడు. తరువాత జాంబవంతుడయ్యాడు, మారీచుడయ్యాడు. ఒక ఏడాది ఎవరూ దొరకక శూర్పణఖ కూడా అయ్యాడు. అన్నేళ్ళూ అతని కన్ను మాత్రం రావణుడి మీదే ఉంది. ఆట నేర్పే గురువు ఐలయ్య ఈసారి ఆ వేషాన్ని అతనికి ఇచ్చాడు.

"రావణుని ఏషానికి గింత సాధన ఎందుకయ్యా, ఇంట్ల రోజు ఏస్తనే ఉన్నవు గద" అంది భార్య పద్మలత. ఆమె మాటను అతడు మెచ్చుకోలుగానే స్వీకరించాడు.

ఆట పది రోజులు ఉందనగా ఎండకు తాళలేక జనగామ బస్టాండులో చల్లటి గోలీసోడాలు వరుసపెట్టి తాగాడు. మర్నాడు ఉదయం చాయ్ అడగబోతే నోట్లోంచి తుప్పు పట్టిన గేటు తెరిచిన చప్పుడు వచ్చింది. తల్లి లచ్చవ్వ కరక్కాయ ముక్క బుగ్గన పెట్టించింది. పద్మలత పసుపు నీళ్ళ ఆవిరి పట్టించింది. డిగ్రీ చదివే కూతురు తేజస్విని ఫోనులో చూసి ఉప్పునీళ్ళు పుక్కిలించమంది. ఎవరినీ నొప్పించకుండా అన్నిటినీ ఒకే పూట పాటించడంతో గొంతుతో పాటు కడుపు కూడా పాడైంది. చివరికి జనగామలో డాక్టరు గొంతులోకి లైటు వేసి చూసి, భయపడాల్సింది ఏమీ లేదని, అయితే వారం దాకా నోరు తెరవద్దని, గుసగుసలు కూడా పనికిరావని చెప్పాడు. మాట్లాడితే నయం కావడానికి నెల పడుతుందట.

నోరు మూసుకోవడం కంటే ఆ సంగతి దాచడమే కష్టం. ఐలయ్య పద్ధతి ప్రకారం ప్రతి పెద్ద వేషానికీ పాటలన్నీ నేర్చిన జోడు ఒకరుంటారు. అసలు వేషధారికి జబ్బు చేస్తే వేషం జోడుకు పోతుంది. రావణుడి జోడు పేరు పోశాలు. అతడు కొంతకాలంగా ఎదురైనప్పుడల్లా "పానం మంచిగున్నదా అన్నా" అని అడుగుతున్నాడు. పరశురాములుకు అది పరామర్శలా ఎన్నడూ వినబడలేదు.

అందుకని గొంతు సంగతి గడప దాటరాదని అతడు సైగలతో ఇంట్లో శాసనం చేశాడు. పద్మలత తమ్ముడు యుగేందర్‌కు అసలే తెలియకూడదు. యుగేందర్ రాముడి వేషం వేస్తాడు. ఊరి నడుమ మోటార్లు వైండింగ్ చేసే దుకాణం అతనిదే. పరశురాములు బావి మోటారు కూడా బాగుకు అక్కడే ఉంది. కాలిపోయిన మోటారు బాగయ్యేదాకా రైతులు అక్కడే కూర్చుంటారు కనుక, పొద్దున అక్కడ పడిన మాట మధ్యాహ్నానికి ఊరి చివరి ఇంటికి చేరుతుంది.

బస్సులో ఈలతోనూ చేతి సైగలతోనూ పని నడిచింది. "ఇయ్యాల ఏందన్నా సప్పుడు లేదు, ఇంట్ల దెబ్బలు వడ్డయా?" అని మిరప కూలికి పోయే ఆడవాళ్ళు అడిగితే తల ఊపి ఒప్పుకున్నాడు. సాయంత్రం సాధనలో గుంపు పాటకు పెదవులు కదిపి, రావణుడి పాట వచ్చే వేళకు డ్యూటీ ఉందన్నట్టు గడియారం చూపించి జారుకున్నాడు. మాట మానేశాక లోకంలో ఎంత మాట ఉందో అతనికి తెలిసివచ్చింది. డ్రైవరు గేరు మార్చిన ప్రతిసారీ ఎవరినో తిట్టుకుంటాడు. లచ్చవ్వ కోడిపెట్టలతో కోడలి గురించి మాట్లాడుతుంది. ఇన్నాళ్ళూ ఇవన్నీ ఎందుకు వినబడలేదో ఆలోచిస్తే జవాబు కొంచెం ఇబ్బందిగా తోచింది.

ఒకరోజు దారిలో యుగేందర్ ఎదురయ్యాడు. "బావా, నీ మోటరు అయ్యింది. వచ్చి తీస్కపోతవా?" పరశురాములు తల ఊపి, ఇంకో ప్రశ్న పడకముందే వడివడిగా వెళ్ళిపోయాడు. మర్నాడూ అంతే.

ఆ వైపు చుట్టాల్లో కోపం వస్తే కొట్లాటలు తక్కువ. మాటలు ఆగిపోతాయి, అంతే. 'వాళ్ళకూ వీళ్ళకూ మాటల్లేవు' అంటే విషయం చాలా ముదిరిందని అర్థం. యుగేందర్ రెండు రోజులు చూసి, మనసు కష్టపెట్టుకొని ఫోనులో మాట రికార్డు చేసి పంపాడు: "బావా, నా మీద కోపముంటె ఉన్నదని చెప్పు. గిట్ల సప్పుడు జెయ్యకుంట తిరుగుడు మంచిగ లేదు." నిండు బస్సులో పరశురాములుకు అది వినే వీలు లేకపోయింది. సాధన వేళ గురించి అయివుంటుందనుకొని బొటనవేలు బొమ్మ ఒకటి జవాబుగా పంపాడు. యుగేందర్ ఆ వేలిని 'అవును, ఉన్నది' అని చదువుకున్నాడు.

ఆ సాయంత్రమే ఐలయ్య ఇంటికి వచ్చాడు.

"బామ్మర్దితోని ఏం పంచాది వెట్టుకున్నవయ్యా? చిరుతలు నా ముంగట వెట్టి, ఇగ ఆడనని పోయిండు. రాముని జోడు జ్వరంతోని పండుకున్నడు. ఎల్లుండి ఆట. రాముడు లేంది నువ్వెవలతోని యుద్ధం జేస్తవు?"

పరశురాములు అప్పుడు ఫోను తీసి, యుగేందర్ పంపిన మాట విని తల పట్టుకున్నాడు. "నేను వోయి చెప్పొస్త" అని పద్మలత లేచింది. లచ్చవ్వ ఆపింది. "బావా బామ్మర్దుల నడుమ ఆడిమనిషి మాట మోసుడేంది? అప్పుడు నిజంగనే పంచాది అయితది. నీ నోటితోని నువ్వే చెప్పుకో బిడ్డా."

ఇంకా కొంచెం ఓపిక పడితే గొంతు దక్కుతుంది. ఓపిక పడితే రాముడు దక్కడు. పరశురాములు చెప్పులు వేసుకున్నాడు. ఐలయ్య కూడా వెంట నడిచాడు.

దుకాణంలో యుగేందర్ రాగి తీగ చుడుతూ తల ఎత్తలేదు. పక్కన బల్ల మీద పోశాలు కూర్చొని ఉన్నాడు.

"కోపం లేదు బామ్మర్దీ" అన్నాడు పరశురాములు బొంగురుగా. "గొంతు వోయింది."

"గొంతు వోయినోనివి ఎట్ల మాట్లాడుతున్నవ్?"

దానికి జవాబు చెప్పడానికే చాలా గొంతు ఖర్చయింది. అంతటితో అయిపోలేదు. యుగేందర్ ఈ రెండు రోజుల్లో బావ కోపానికి కారణాలన్నీ వెతికిపెట్టుకున్నాడు.

"మోటరు ఆలిస్యమైందనే గద?"

"కాదు."

"మరి మొన్న మీ ఇంటి దావత్‌ల నాకు మటన్ బొక్క ముక్క ఎయ్యలే. అందరికి ఏసినవ్."

"సూడలేదురా. అడిగితె ఎయ్యనా?"

"బొక్క ముక్క అడిగి తింటరా బావా ఎవలన్న?"

ఇందులో న్యాయం ఉంది కనుక పరశురాములు క్షమాపణ చెప్పాడు. చాయ్ వచ్చేసరికి నోట్లోంచి గాలి మాత్రమే వస్తోంది. అది చూశాక యుగేందర్ తీగ కింద పెట్టాడు.

"నిజంగనే వోయింది గదనే" అన్నాడు నెమ్మదిగా.

ఐలయ్య అంతా విన్నాడు. ఆయన పోశాలు వైపు చూడగానే పోశాలు సర్దుకొని కూర్చున్నాడు.

"బావ రావణుడైతెనే నేను రాముణ్ణి" అన్నాడు యుగేందర్.

"పాట ఎవలు వాడుతరు?" అని ఐలయ్య అడిగాడు. "పోశాలూ, నువ్వు పక్కపొంటి నిలవడి వాడుతవా?"

"ఏషమిస్తె ఆడుత గురువా. గొంతు ఒక్కటే అరువిచ్చుడు నాతోని కాదు."

"అయితె నేనే వాడుత" అన్నాడు యుగేందర్. "రావణుని పాటలు ఏండ్ల సంది ఎదురుంగ నిలవడి ఇంటున్న. నాకు రాకపోతె ఎవలకొస్తయి?"

గురువు చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. యుద్ధానికి ఇద్దరు మనుషులు కావాలి, ఒక్క గొంతుతో నడిపించవచ్చు అని ఆయన తేల్చాడు.

ఆట రోజు పొద్దు వాలాక, షామియానా కింద రావణుడు రంగంలోకి దిగాడు. నీలిరంగు పూసుకున్న యుగేందర్ మొదట రాముడిగా సవాలు పాడి, ఆ వెంటనే మొహం పక్కకు తిప్పి, గొంతు లావు చేసి రావణుడి జవాబు అందుకున్నాడు. పరశురాములు మీసం తిప్పుతూ, గజ్జెలు ఘల్లుమనిపిస్తూ నోరు తెరిచి మూశాడు. రాముడు తనను తానే అడవులు పట్టిన బిచ్చగాడని తిట్టుకుంటుంటే జనం విరగబడి నవ్వారు. "ఆయనను ఆయనే గంతగనం తిట్టుకుంటున్నడేందే?" అని లచ్చవ్వ పక్కామెను అడిగింది.

పరశురాములుకు మాత్రం నవ్వు రాలేదు. యుగేందర్ బాగానే పాడుతున్నాడు, అసలు బాధ అదే. అతని నోట రావణుడు మరీ మర్యాదస్తుడయ్యాడు. పౌరుషం ఉండాల్సిన చోట తియ్యదనం ఉంది. ఇన్నేళ్ళు మనసులో విన్న రావణుడు ఇతడు కాడు.

బాణం తగిలింది. పడిపోయే ముందు రావణుడికి ఆఖరి చరణం ఒకటుంది. యుగేందర్ ఊపిరి తీసుకుంటుండగా పరశురాములు చెయ్యెత్తి ఆపాడు. నెల రోజుల మౌనానికి అక్కడే ఒప్పుకొని, తానే ఎత్తుకున్నాడు: "తలలు తెగినా తగ్గను రామా..."

వచ్చింది పాట కాదు. బరువుతో మిట్ట ఎక్కుతున్న లారీ చప్పుడు. నవ్వులు ఆగిపోయాయి. ఏ శ్రుతిలో అందుకోవాలో తెలియక గుంపు ఒక్క క్షణం తడబడింది. ముందుగా అందుకున్నది పోశాలు. నిండు గొంతుతో అతడు ఎత్తుకోగానే వలయమంతా కలిసింది, చిరుతలు ఒక్కసారిగా పడ్డాయి. చరణం అయిపోయినా ఐలయ్య తాళం ఆపలేదు, గుంపు మళ్ళీ మొదటి నుంచి పాడింది.

పడిపోవలసిన రావణుడు తొందరపడలేదు. రొమ్ముకు బాణం అదిమి పట్టుకొని, ఆ పాట పూర్తయ్యేదాకా నిలబడే ఉన్నాడు.