మగ్గం తీసిన గదిలో రెండు మంచాలు

మా ఇంట్లో ఇద్దరు కొడుకులం. ఒకడిని బడికి పంపారు, ఒకడిని మగ్గం గుంతలో దించారు. దించింది నన్ను. ఎందుకని అడిగితే చెప్పినవాళ్లు లేరు.

ఇప్పుడు ఆ ఇద్దరమూ ముసలివాళ్లమై ఒకే గదిలో పడుకుంటున్నాం.

మా అన్న వనపర్తిలో పంతులుగా చేసి అక్కడే రిటైరయ్యాడు. అద్దె ఇళ్లలోనే బతికాడు. వదిన పోయాక కొన్నాళ్లు చేయి కాల్చుకున్నాడు. తర్వాత ఒక పొద్దున ఒక పెట్టె, ఒక మడత మంచంతో గద్వాల బస్సు దిగి మా గడపలో నిలబడ్డాడు. "ఈ ఇంట్ల నాకు గూడ పాలున్నది గదరా" అన్నాడు. ఉంది. కాదన్నదెవరు? ఇల్లు మా నాయిన కట్టింది. కాకపోతే ముందు గదులు నా కొడుకు సంసారానికే చాలవు. మిగిలింది వెనక గది, నా గది. మగ్గం ఉండిన గది. నా మోకాళ్లు మొరాయించాక మగ్గం విప్పేశాం, గుంత పూడ్చి సిమెంటు చేయించాం. ఆ మేర నేల ఇప్పటికీ కొంచెం కుంగి ఉంటుంది.

సరిగ్గా ఆ కుంగిన చోటే మా అన్న మంచం వేసుకున్నాడు, కిటికీ గాలి అక్కడికే వస్తుందని. నేను వయసంతా నేస్తూ గుంతలోకి కాళ్లు వేలాడదీసుకొని కూర్చున్న చోటు అది. ఆయన అక్కడ కాళ్లు చాపుకొని పడుకుంటాడు. ఆ సంగతి ఆయనకు తట్టనైనా తట్టలేదు. నాకు మండిందంటే మండదా మరి?

ఫ్యాను ఆయనకు గిర్రున తిరగాలి, నాకేమో ఆ గాలికి నడుము పట్టేస్తుంది. తువ్వాలలు తీగ మీద ఎవరివి ఎటు వేసుకోవాలో వచ్చిన రోజే తేల్చేశాడు. నా చెప్పులు మంచం కింద వంకరగా ఉన్నాయని సర్దాడు. మా కోడలు చాయ్ తెచ్చి గుమ్మంలో నిలబడి, "పెద్దమామా, ఇంగ బెల్లు గూడ కొట్టున్రి, క్లాసు మొదలైతది" అన్నది. నేను తప్ప అందరూ నవ్వారు, ఆయనతో సహా.

ఇవన్నీ ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది వేరే.

నాకు అక్షరాలు ఎవరూ దిద్దించలేదు. పట్టు చుట్టి వచ్చే పాత పేపర్ల ముక్కలు మగ్గం పక్కన పెట్టుకొని, వచ్చేపోయేవాళ్లను ఇదేమిటి అదేమిటి అని అడిగి కూడబలుక్కున్నాను. మగ్గం చప్పుడులో నా మాట నాకు వినబడాలని గట్టిగా చదివేవాణ్ని. అట్లా గట్టిగా చదివే అలవాటు పడింది, మగ్గం పోయినా అది పోలేదు. ఒక పొద్దున పేపరు తీసి మొదలుపెట్టానో లేదో, అన్న దుప్పట్లోంచి, "మనసుల చదువుకోరా. ఒకటో తరగతి పోరగాండ్ల లెక్క గా మొత్తుకునుడేంది?" అన్నాడు.

"ఒకటో తరగతి నేనెక్కడ చూసిన అన్నా?" అన్నాను. "నువ్వు పుస్తకాలు పట్టుకొని పోతుంటె గుంతలకెల్లి నీ కాళ్లే చూసిన. నిన్నెందుకు తోలిన్రు, నన్నెందుకు తోలలే? చెప్పు."

"నాయినను అడగాలె గది."

"నాయిన ఉన్నడా అడగనీకె?"

ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ తర్వాత మాటల్లేవు. మా అన్న, పిల్లలకు కలిసి ఉండమని నీతులు చెప్పిన పంతులు, రెండు మంచాల మధ్య తాడు కట్టి మా కోడలి పాత చీర ఒకటి వేలాడదీశాడు. నేను వద్దనలేదు. చీరకు అటు ఆయన దగ్గు, ఇటు నా దగ్గు. మనవలు అటూ ఇటూ దూరి దాగుడుమూతలు ఆడుకున్నారు.

చివరికి కోడలితో చెప్పేశాను, నేను అరుగు మీద పడుకుంటానని. "చలి పెడుతుంటె అరుగు మీదనా? ఊరోళ్లు నన్నంటరు మామా, మీ అన్నదమ్ములను ఎవరన్న అంటరా?" అన్నది. నిజమే. కానీ ఆ ఒక్క ప్రశ్నకు జవాబు రాకుండా ఆయన శ్వాస వింటూ ఆ గదిలో పడుకోవడం నా వల్ల కాదు. మిగతావన్నీ సర్దుకోవచ్చు, ఫ్యాను కూడా. ఇది సర్దుకునేది కాదు.

నా మంచం ఇంకా బయటికి తీయకముందే అన్నకు కంటి ఆపరేషన్ అయింది. పూటపూటకూ చుక్కలు వేయాలి. కోడలు వేసేది. ఆమె కల్వకుర్తిలో పెండ్లికి పోతూ సీసా నా చేతిలో పెట్టింది. "మాట్లాడకున్న సరే మామా, చుక్కలైతె మర్వకు. ఏసినంక జరసేపు లేవనియ్యకు."

మధ్యాహ్నం చీర పక్కకు జరిపి ఆయన మంచం అంచున కూర్చున్నాను. రెప్ప పైకెత్తి పట్టుకుంటే ఆయన గడ్డం కింద నరాలు కదులుతున్నాయి. నా వేళ్లకు పోగులు పట్టిన అలవాటు ఉంది. చుక్క సూటిగా కంట్లోనే పడింది. ఆయన కన్ను మూశాడు.

"ఇప్పుడు ఎటూ పోలేవు గద" అన్నాను. "నన్ను బడికి ఎందుకు తోలలే?"

  సీసాకు మూత పెడుతుంటే కండ్లు మూసుకొనే చెప్పాడు:

"ముందుగాల గుంతల దించింది నన్నేరా. నువ్వు పాలు తాగే పిల్లగానివి, నీకు తెల్వదు. నూలు చీరకు పట్టు అంచు కలిపేకాడ నాకు పోగు నిలవకపోతుండె. ఎన్ని చీరలు ఖరాబ్ చేసిన్నో. 'ఈడు దేనికీ పనికిరాడు, బడికన్న తోలున్రి' అన్నడు నాయిన. నువ్వు గుంతల దిగినంక అంచు గట్ల కలుపుతుంటె చూసి, ఈడు నా కొడుకు అని నలుగురికి చెప్పుకున్నడు. నన్ను చదివిచ్చిన్రని అంటున్నవు నువ్వు. నన్ను ఇంట్లకెల్లి ఎల్లగొట్టిన్రురా. పనొచ్చినోడివని నిన్ను ఉంచుకున్నరు."