చదివింది చూపియ్యాలె

తెల్లవారుజామున నాలుగింటికే లేవాలని, పరీక్షలకు ఎట్లా చదవాలో చెప్పే ఒక పుస్తకంలో రాసి ఉంది. రాసినాయన ఎవరో గానీ, జన్మలో రెండో షిఫ్టు చేసి ఉండడు. మా గోదావరిఖనిలో రెండో షిఫ్టు మనిషి బొగ్గు బాయి నుంచి పైకి ఎక్కి, స్నానం చేసి, అన్నం తిని పడుకునేసరికి ఒంటిగంట దాటుతుంది. అయినా నేను నాలుగింటికి లేచాను. సర్దారు పరీక్షకు నెల కూడా లేదు. బాయిలో సర్దారంటే తన కింద పనిచేసే మనుషుల ప్రాణాలకు జవాబుదారీ. అందుకని క్యాలెండర్ వెనక గళ్ళు గీసి, వారం వారం మారే షిఫ్టులను వాటిలో కుక్కి, మిగిలిన ప్రతి గడిలో 'చదువు' అని రాసుకున్నాను.

నా భార్య ఆ గళ్ళ మీద వేలు పెట్టి, "గిండ్ల నిద్ర యాడున్నది?" అని అడిగింది. నాకు కోపమొచ్చింది. చదువు విలువ తెలియని వాళ్ళు గిట్లనే అంటరని విసుక్కున్నాను. ఆమె డిగ్రీ చదివింది, నేను ఐటిఐ. ఆ సంగతి అప్పుడు గుర్తు రాలేదు.

నాకు జ్ఞాపకశక్తి ఎక్కువ, దాని వెంట పొగరు కూడా. ప్రశ్న అడిగితే జవాబు అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పేవాణ్ణి. ఆ జవాబుతో నేనేం చేస్తున్నానని ఒక్కనాడూ నన్ను నేను అడగలేదు.

బాయిలో నా పని హాలర్ నడపడం. వాలు దారిలో పట్టాలుంటాయి, పట్టాల మీద టబ్బులు, అంటే సామాను మోసే చిన్న ఇనుప బండ్లు, వాటికి ఉక్కు తాడు. పైన మోటారు దగ్గర కూర్చుని ఆ తాడును లాగేది, వదిలేది నేను. కింద టబ్బులు చూసుకునే మనిషి నాకు కనబడడు. గోడ వెంట ఉన్న తీగను అతను లాగితే నా దగ్గర బెల్లు మోగుతుంది. టబ్బులు నడుస్తుండగా ఒక్క బెల్లు మోగిందంటే వెంటనే ఆపాలి. మా ఇద్దరి మధ్య ఉన్న మాట అదొక్కటే.

కింద ఉండే మనిషిని అందరం బాబాయి వరసలో కాక అంటాం. కమాన్‌పూర్ దగ్గరి పల్లె ఆయనది. ఇరవై ఏళ్ళకు పైగా టబ్బులతోనే గడిపాడు.

ఆ రోజు సాయంత్రం ఐదు దాటి ఉంటుంది. మూడు టబ్బులు నిండా ఇనుప సామాను, నెమ్మదిగా కిందికి వదులుతున్నాను. కళ్ళు మూతలు పడుతున్నాయి. నిద్రమత్తు వదలాలని నోట్సు నెమరేసుకుంటున్నాను. నడుస్తుండగా ఒక్క గంట మోగితే ఏమి చేయవలెను? వెంటనే ఆపవలెను. బెల్లు మోగింది. నేను విన్నాను. నా చదువులో భాగమే అన్నట్టు విని, తర్వాతి ప్రశ్నకు పోయాను.

మళ్ళీ మోగింది. ఆ తర్వాత ఆగకుండా మోగింది. అప్పుడు బ్రేకు వేశాను.

తర్వాత ఏ చప్పుడూ లేదు. ఫోను తిప్పితే కింద ఎవరూ ఎత్తలేదు. బరువు వేలాడుతున్న మెషిన్‌ను వదిలి పోకూడదు. అదీ పుస్తకంలో ఉంది, అదీ నాకు వచ్చు. కూర్చున్నచోటే కూర్చుని, కింది చీకటిలోకి చూస్తూ, మనిషిని చంపేశాననుకున్నాను.

చాలాసేపటికి టోపీ లైటు ఒకటి పైకి వస్తూ కనిపించింది. కాక చొక్కా భుజం దగ్గర చినిగి ఉంది. ముందు టబ్బు పట్టాలు దిగి, వెనక టబ్బుల తోపుకు ఆయన మీదికి వచ్చిందట. ప్రమాదంలో తలదాచుకోవడానికి గోడలో తొలిచిన గూడు ఉంటుంది. మ్యాన్‌హోల్ అంటాం. అందులోకి దూరి బతికాడు.

"బెల్లు ఇనవడలేదా?"

"ఇనవడ్డది కాక. నోట్సు యాది చేసుకుంటున్న."

"ఏం నోట్సు?"

"బెల్లుల గురించే."

కాక నవ్వలేదు, తిట్టలేదు. "నీ చదువు నన్ను మింగేటట్టున్నది," అన్నాడు.

సర్దారు వచ్చాక జరిగింది జరిగినట్టు నేనే చెప్పాను. నన్ను హాలర్ మీది నుంచి తీసి, కాక వెంట పని చెయ్యమని కిందికి పంపాడు. ఇంటికి పోయి క్యాలెండర్ గళ్ళు చింపేశాను. ఆ రాత్రి ఏడు గంటలు పడుకున్నాను. పొద్దున ఒక్క పేజీ చదివాను, అంతే.

మరునాడు వాలు దారి మొదట్లో కాక అడిగాడు. "ఇయ్యాల ఏం చదివినవ్?"

"పైకప్పు తట్టి చూసుడు."

"చెప్పకు. చూపియ్యి."

కర్రతో తట్టి చూపించబోతే, గట్టి కప్పుకూ, ఊడిపడబోయే బోలు కప్పుకూ చప్పుడులో తేడా పట్టలేకపోయాను. పరీక్షలో పది మార్కుల జవాబు అది. కాక నా చేతిలోని కర్రను పట్టుకుని నాలుగు చోట్ల తట్టించాడు. అప్పుడు తెలిసింది. ఇంటికి వచ్చి ఆ చప్పుడు ఎట్లా ఉందో నా మాటల్లో రాసుకున్నాను. ఆ తర్వాతి రోజు ఉక్కు తాడు తనిఖీ. పొద్దున పేజీ, బాయిలో ఆ పని, ఇంట్లో నాలుగు ముక్కలు. చదివేది తక్కువై, రోజు పెద్దదైనట్టు అనిపించింది.

మూడో రోజు పేజీలో మ్యాన్‌హోళ్ళు. 'ఎల్లప్పుడును ఖాళీగా ఉంచవలెను.' ఎర్ర పెన్నుతో మూడుసార్లు రాసుకున్న జవాబు. మొదటిది చూపించాను. రెండోది, అంటే కాకను బతికించినది, చూపించాను. అక్కడికి పదడుగుల కింద మూడోది. లైటు వేశాను. రొమ్ము ఎత్తు వరకు విరిగిన స్లీపర్లు, పట్టాల కింద పరిచే కట్టె దిమ్మెలు.

పోయిన నెల ఒక ఆదివారం పట్టాల పని చేసినప్పుడు, పైకి మోయలేక అందులో పడేసినవి. కాక ఆ సాయంత్రం ఇంకో పదడుగులు కిందికి ఉండి ఉంటే దూరాల్సింది ఇందులోనే.

"గివి పెట్టింది నేనే కాక," అన్నాను.

ఆయన గూడు ముందు వంగి, లైటు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నువ్వొక్కనివే ఎట్ల పెడ్తవ్? రెండో కొస వట్టింది నేనే గద," అన్నాడు.

పైనున్న స్లీపరును చెరో కొసా పట్టి లేపాం. ఈసారి పైదాకా మోశాం.