నాలుగు శాతం చూపించిన ప్రాసెసర్

2023 ఎండాకాలం. మేడ్చల్‌లో హైవేకి ఆనుకుని ఉన్న నా దుకాణంలో కంప్యూటర్లు అసెంబుల్ చేయడం మొదలుపెట్టి అప్పటికి పద్దెనిమిదేళ్లు. ప్రైవేటు బడులు, గోదాముల ఆఫీసులు, ఫ్లెక్సీలు వేసేవాళ్లు, శామీర్‌పేట వైపు ప్లాట్ల లేఅవుట్లు గీసేవాళ్లు నా గిరాకీ. ‘ఈ ధరలో ఏ ప్రాసెసర్ మంచిది’ అన్న ప్రశ్న రోజూ వినేవాణ్ణి. తడుముకోకుండా జవాబు చెప్పేవాణ్ణి. ఒకసారి మాత్రం తడుముకున్నాను. ఆ ఒక్కసారి సంగతే ఇది.

ముందు కాస్త వివరం చెప్పాలి. ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాన్ని కోర్ అంటారు. కోర్‌ను ఒక పనివాడు అనుకోండి. ఒక్కో కోర్‌కు సాధారణంగా రెండు థ్రెడ్లు, అంటే రెండు పనుల వరుసలు ఉంటాయి. వీడియో తయారు చేయడం లాంటి పనిని పనివాళ్లందరూ పంచుకుంటారు. కొన్ని పనులు పంచుకోవడానికి వీలుపడవు. ఒక్కడే చేయాలి, వాడెంత చురుకైతే పని అంత చురుకు. బెంచ్‌మార్క్ అనే పరీక్ష పెడితే రెండు స్కోర్లు వస్తాయి. ఒకటి అందరూ కలిసి చేసిన పనికి, రెండోది ఒక్క కోర్ ఒంటరిగా చేసిన పనికి. కొనేవాడి పని ఏ రకమో తెలియకుండా ఏ ప్రాసెసర్ ధరకు తగినదో చెప్పలేం. ఇదంతా నాకు అప్పటికే తెలుసు.

అత్వెల్లి నుంచి ఒక అక్కా తమ్ముడూ స్కూటీ మీద వచ్చారు. అక్క పేరు స్వరూప, మందుల ప్యాకింగ్ కంపెనీలో పని. తమ్ముడు మల్లేశ్‌కు పుట్టుకతోనే చూపు లేదు. పాత లాప్‌టాప్ పాడైపోయింది. రికార్డు చేసిన మాటలు విని అక్షరాల్లో పెట్టే ట్రాన్స్‌క్రిప్షన్ ఉద్యోగం ఇంటి నుంచే దొరికింది. నెల రోజులు ట్రయల్. గంటకు ఇంత పని అని లెక్క ఉంది. అది అందుకుంటే ఉద్యోగం, లేకపోతే లేదు.

“మానిటర్ వద్దన్న, నాకెందుకు గది” అన్నాడు మల్లేశ్ కుర్చీలో కూర్చుంటూనే. “స్పీడ్ కావాలె.”

నా దగ్గర ఒక పాత సర్వర్ ప్రాసెసర్ ఉంది. ఎక్కడో పెద్ద ఆఫీసులో వాడి తీసేసిన రకం. పన్నెండు కోర్లు, ఇరవై నాలుగు థ్రెడ్లు. ఎనిమిది నెలలుగా అమ్ముడుపోక పెట్టెలో ఉంది. అంతే ధరకు కొత్త తరం నాలుగు కోర్ల ప్రాసెసర్ కూడా వస్తుంది. రెండింటికీ మొత్తం స్కోరు ఇంచుమించు సమానం. ఒంటి కోర్ స్కోరులో మాత్రం పాతది కొత్తదానికి దరిదాపుల్లో కూడా లేదు.

“పన్నెండు కోర్లది ఉన్నది తమ్మీ. ఇరవై నాలుగు థ్రెడ్లు. స్కోర్ చూడు” అని నాలుక కరుచుకున్నాను.

“చూస్తున్న, చెప్పు” అని నవ్వాడతను. “అందర్ని కలిపిన లెక్క కాదన్న, ఒక్క కోర్ ఎంత ఉరుకుతది? నా పని ఒక్కదాని మీదనే నడుస్తది.”

మేడ్చల్‌లో నన్ను ఆ ప్రశ్న అడిగినవాళ్లు అంతకుముందు లేరు. ఆ పాత ముక్క ఎనిమిది నెలలుగా పెట్టెలోనే ఉన్న సంగతి గుర్తుకొచ్చింది. పైగా, ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది, తెర కూడా అక్కర్లేనివాడికి ఏది పెడితే ఏమిటి అనిపించింది.

“అది కూడ మస్తు ఉరుకుతది” అన్నాను.

పది రోజులకు ఇద్దరూ, ఆ పాత ప్రాసెసర్ పెట్టి నేను బిగించి ఇచ్చిన డబ్బా పట్టుకుని తిరిగొచ్చారు. కంప్యూటర్ ఆగిపోవడం లేదు, వేడెక్కడం లేదు. తెర మీది అక్షరాలను చదివి వినిపించే ప్రోగ్రామును స్క్రీన్ రీడర్ అంటారు. చూపు లేనివాళ్లకు అదే తెర. కీ నొక్కిన తర్వాత ఆ గొంతు ఆలస్యంగా వస్తోందని మల్లేశ్ ఫిర్యాదు.

నా దుకాణంలో ఒక పద్ధతి ఉండేది. ఎవరైనా నెమ్మదిగా ఉందంటే టాస్క్ మేనేజర్ తెరిచేవాణ్ణి. ప్రాసెసర్ నూటికి ఎంత శాతం పనిచేస్తోందో అందులో కనపడుతుంది. ఎక్కువ చూపిస్తే ప్రాసెసర్ చాలడం లేదని, తక్కువ చూపిస్తే దాని తప్పు లేదని తీర్పు. మానిటర్ తగిలించి మల్లేశ్‌ను టైపు చేయమన్నాను. చేస్తున్నంతసేపూ అంకె నాలుగు దగ్గరే నిలబడింది.

“నాలుగు శాతం. చూడు చెల్లె” అన్నాను స్వరూపతో. “ప్రాసెసర్ పండుకున్నది. దానికి పనే లేదు.”

“మరి గొంతెందుకు లేటొస్తాంది?” అన్నాడు మల్లేశ్.

“గది నీ సాఫ్ట్‌వేర్ది.”

“పాత లాప్‌టాప్ల గూడ గదే సాఫ్ట్‌వేర్. అప్పుడు గిట్ల లేకుండె.”

“అలవాటు కాలె నీకు. ఇంకో పది రోజులైతే చెవి సెట్టయితది.”

స్వరూప తెర మీది నాలుగును చూసింది, నన్ను చూసింది, వైర్లు చుట్టుకుంది. అంకె కళ్లెదుట ఉంటే మనిషి ఇంకేం మాట్లాడతాడు? అందుకే కదా నేను అంకె చూపించేది.

మరో వారానికి ఆమె ఒక్కతే వచ్చింది. బుధవారంలోగా లెక్క అందుకోకపోతే ట్రయల్ ముగిసినట్టేనని కంపెనీ నుంచి మెయిల్ వచ్చిందట.

“వాడు అన్నం గూడ కుర్చీల్నే తింటున్నడన్న. ఒక్కపారి ఇంటికొచ్చి సూడు. నీ మిషన్ల లోపం లేదంటే ఇగ నేనేం అడుగ.”

ఆదివారం మధ్యాహ్నం వెళ్లాను. సాయం చేయడానికి కాదు, నా మాట రుజువు చేయడానికి. శామీర్‌పేటలో లేఅవుట్లు గీసే ఒకాయన కోసం బిగించిన కొత్త నాలుగు కోర్ల మెషీన్ వెంట తీసుకెళ్లాను. రెండింట్లో ఏది ఏదో చెప్పకుండా వినిపిస్తే అతనికే తేడా తెలియదని నా ధైర్యం.

రోడ్డు పక్క టైర్ల దుకాణం వెనక రెండు గదుల ఇల్లు. లారీల మోత వినపడకుండా కిటికీలు మూసి ఉన్నాయి. లైటు వేసి లేదు. స్వరూప వచ్చి నాకోసం వేసింది. రెండు డబ్బాలూ బల్ల కింద పెట్టి, రెండింట్లోనూ అతని ప్రోగ్రాములే ఎక్కించి, మల్లేశ్ కీబోర్డునూ ఇయర్‌ఫోన్‌నూ ఒకసారి దీనికి, ఒకసారి దానికి తగిలిస్తానన్నాను. ఫ్యాన్ల చప్పుడు బట్టి పోల్చుకోకుండా రెండూ నడుస్తూనే ఉన్నాయి.

“తొండి చేస్తే నేను సెప్త” అంది స్వరూప గడప మీద కూర్చుని.

మొదటిసారి అతను సగం వరుస కూడా టైపు చేయలేదు. “ఇది నాది కాదు.” నిజమే, కొత్తది. మార్చాను. “ఇది నాది.” మళ్లీ మార్చాను. ఐదుసార్లు అడిగితే ఐదుసార్లూ సరిగ్గా చెప్పాడు. ఆఖరికి ఒక్క కీ నొక్కి చెప్పేస్తున్నాడు.

ఆరోసారి ఒక పని చేశాను. ప్లగ్ పీకి, రెండో డబ్బాకు పెట్టినట్టు వంగి, చప్పుడు చేసి, మళ్లీ మొదటిదానికే పెట్టాను.

అతని వేలు ఒక కీ నొక్కి ఆగింది. “అన్న, తీసి మళ్ల దాంట్లనే పెట్టినవ్.”

స్వరూప పకపకా నవ్వింది. “నేను సూసిన. సెప్పుదామనుకునేలోపట వాడే సెప్పిండు.”

బల్ల కింద మోకాళ్ల మీద ఉన్నవాణ్ణి అలాగే ఉండిపోయాను. ఆ రెండు మెషీన్ల మధ్య తేడా సెకనులో పదో వంతు కూడా ఉండదు. పద్దెనిమిదేళ్లుగా ఈ ముక్కలతోనే బతుకుతున్న నాకు అది ఎప్పుడూ చెవికి తగలలేదు. “ఏం వింటున్నవ్ తమ్మీ?” అని అడిగాను. ఇయర్‌ఫోన్ నా చెవిలో పెట్టి కొన్ని కీలు కొట్టాడు. రేకుల షెడ్డు మీద వడగళ్లు పడ్డట్టుంది. ఒక్క మాట అర్థం కాలేదు.

“ఇది తెలుగేనా?”

“తెలుగే. నువ్వు మెల్లగ వింటవ్” అని వేగం తగ్గిస్తూ వచ్చాడు. చాలాసార్లు తగ్గించాక వడగళ్లు మాటలయ్యాయి. ‘మేడ్చల్ కంప్యూటర్ అన్న నాలుగు శాతం అంటున్నడు’ అంటోంది గొంతు.

అక్కా తమ్ముళ్లిద్దరూ నవ్వారు. నేనూ నవ్వబోయాను. నాలుగు అన్న మాట దగ్గర ఆగిపోయాను. నూరును ఇరవై నాలుగుతో భాగిస్తే నాలుగూ చిల్లర. ఇరవై నాలుగు థ్రెడ్లలో ఒక్కటి పూర్తిగా మునిగిపోయి పనిచేస్తే, మిగతా ఇరవై మూడూ ఖాళీగా ఉంటే, టాస్క్ మేనేజర్ చూపించే అంకె నాలుగే. ఆ రోజు దుకాణంలో ప్రాసెసర్ పండుకోలేదు. ఒక్క పనివాడు ఆయాసపడుతుంటే తతిమ్మావాళ్లు పక్కన కూర్చున్నారు. ఆ అంకెను సాక్ష్యంగా చూపించి నేను అతని చెవిని తప్పుబట్టాను. అంతకుముందు ఇదే అంకె చూపించి ఎంతమందిని వెనక్కి పంపానో నాకు లెక్క లేదు.

కొత్త ప్రాసెసర్‌ను తీసి బిగించేటప్పుడల్లా నాకు కాస్త భయభక్తులుండేవి. పైనున్న లోహపు మూత కింద అసలు ముక్క గోరంత ఉంటుంది. ఆ గోరంత చోట కోట్లకు కోట్ల స్విచ్చులు. మనుషులు చేసినవాటిలో ఇంతకంటే ఆశ్చర్యం లేదనుకునేవాణ్ణి. ఆ మధ్యాహ్నం అంతకంటే పెద్దది చూశాను. గోరంత ముక్క ఎక్కడ తడబడుతోందో, బల్ల ఇవతల కూర్చుని ఒక్క కీ నొక్కి చెప్పే చెవి.

కొత్త మెషీన్ అక్కడే వదిలి పాతది తీసుకొచ్చేశాను. శామీర్‌పేట ఆయనకు ఫోన్ చేసి రెండు రోజులు ఆగమన్నాను. తిట్టాడు, ఆగాడు. బుధవారం మల్లేశ్ నుంచి ఏ కబురూ రాలేదు. గురువారం పొద్దున దుకాణం తెరిచేసరికి స్వరూప స్కూటీ అక్కడే ఉంది. వెనక మల్లేశ్.

“తీస్కున్నరన్న” అన్నాడు. “చివరి మూడు రోజులు లెక్కకు మీదికే పోయింది.”

చాయ్ తెప్పించాను. తాగుతుంటే ఉండబట్టలేకపోయింది. “తమ్మీ, ఒక మాట. నువ్వు ఒక్క కోర్ గురించి అడిగిన రోజే నాకు తెలుసు, గది నీ పనికి రాదని. ఎనిమిది నెలల సంది పడున్నదని అంటగట్టిన.”

“నాకు తెల్సన్న.”

“ఎట్ల తెల్సు?”

“అంతకుముందు నేనేదడిగినా నువ్వు టక్కుమని చెప్పినవ్. గా ఒక్కదానికి జవాబు లేటొచ్చింది.”

గ్లాసు బల్ల మీద పెట్టాను. “మరి ఎందుకు తీస్కున్నవ్?”

“మనిషి కదా, ఏదన్న యాదికొచ్చిందేమో అనుకున్న” అన్నాడు. చాయ్ ఊదుకుంటూ తాగాడు.

ఆ సర్వర్ ప్రాసెసర్ ఇప్పటికీ నా బల్ల మీదే ఉంది, అమ్మలేదు. టాస్క్ మేనేజర్ తెరిస్తే ముందు థ్రెడ్లు ఎన్నో లెక్కపెట్టుకున్నాకే శాతం చదువుతాను. కొనేవాళ్లను ముందు వాళ్ల పని గురించి అడుగుతాను. వాళ్లు ప్రాసెసర్ గురించి ఏదైనా అడిగినప్పుడు, నా జవాబు ఎంతసేపటికి వచ్చిందో నేనే వింటుంటాను.