నేను వేసిన ముడి

ఆ కుక్కపిల్ల మెడకు దారం కట్టింది నేనే. ఈ సంగతి ముందే చెప్పేస్తే నాకు కొంచెం తేలిక.

కల్వకుర్తి ప్రభుత్వ దవాఖానలో స్టాఫ్ నర్సుగా చేరిన కొత్త రోజులవి. మాది నార్కట్‌పల్లి దగ్గర ఒక పల్లె. ఉద్యోగం కోసం వచ్చి, ఊరి చివర గొర్రెల కాపరుల ఇంట్లో ముందు గది కిరాయికి తీసుకున్నాను. ఇంట్లో ఒక అవ్వ, ఆమె కొడుకు, కోడలు. వెనక చెలకలో గొర్ల దొడ్డి. సర్కారు గొర్లు పంచిన తర్వాత వాళ్ల మంద పెద్దదైంది, దాంతోపాటు నా గదిలోకి వచ్చే వాసన కూడా.

కార్తీకంలో వాళ్ల కుక్క నాలుగు పిల్లల్ని పెట్టింది. మూడు చచ్చిపోయాయి. మిగిలిన ఒక్కదానికీ దిష్టి తగులుతుందని అవ్వకు భయం పట్టుకుంది. నల్లదారం, ఒక గవ్వ తెచ్చి నా చేతిలో పెట్టింది.

"నాకు కండ్లు ఆనవు. జర నువ్వు కట్టు బిడ్డా" అంది.

డ్యూటీకి బయలుదేరుతున్న తొందరలో ఉన్నాను. పిల్లను మోకాళ్ల మధ్య అదిమిపెట్టి, అది కుయ్యోమంటున్నా వినకుండా కట్టేశాను. జారిపోకూడదని కుట్లకు వేసే ముడి వేశాను, మూడుసార్లు తిప్పి. నైలాన్ దారం. పసిపిల్లల చేతికి సూది గుచ్చి ఊడకుండా ప్లాస్టర్ వేసే మనిషిని, నా ముడి ఊడుతుందా? అది పెరుగుతుందన్న ఆలోచన మాత్రం ఒక్క క్షణం కూడా రాలేదు. వార్డులో ఒకరి చేతికి కట్టు బిగుతైతే జూనియర్లను నిలబెట్టి తిట్టేదాన్ని నేను.

ఆ తర్వాత పిల్ల దొడ్డి దగ్గర తల్లితోనే పెరిగింది. నాలుగు నెలలకు మేత కరువైంది, కొడుకూ కోడలూ మందను తోలుకుని కృష్ణ ఒడ్డు వైపు వెళ్లిపోయారు. తల్లికుక్క వాళ్లతో పోయింది. ఈ పిల్లవి పొట్టి కాళ్లు, అంత దూరం నడవలేదని అవ్వ దగ్గర వదిలారు. అప్పుడు చూశాను దాని మెడ. వెంట్రుకలు తడిసి అట్టకట్టాయి, చుట్టూ ఈగలు. దారం కనిపించడమే లేదు, చర్మం లోపలికి దిగిపోయింది. గవ్వ ఒక్కటే పైకి తేలి ఉంది.

ఆ రోజే అవ్వ దాన్ని ఒళ్లో పట్టుకుంది, నేను కత్తెరతో వెళ్లాను. నా స్పిరిట్ వాసన ముక్కుకు తగలగానే అది గింజుకుని దూకింది. అవ్వ పక్కకు ఒరిగి పడింది. నడుము పట్టేసి పది రోజులు మంచం దిగలేదు. ఇక పట్టుకోవడం ఆమె వల్ల కాదు. పశువుల దవాఖానలో అడిగితే ఒక మనిషి వల తీసుకుని వచ్చాడు. వల చూసి అది చెలకల్లోకి పారిపోయి రెండు రోజులు కనబడలేదు.

పోతూ పోతూ అతను నాలుగు మాత్రలు ఇచ్చాడు. "బువ్వల కలిపి పెట్టున్రి మేడం, మత్తుల ఉంటది, అప్పుడు కోయొచ్చు. జల్ది చెయ్యున్రి, పురుగు వడ్డదంటె వారం బతకది" అన్నాడు.

కలిపాను. మాంసం కూర తెచ్చి మరీ కలిపాను. అది దూరం నుంచి వాసన చూసింది, నా ముఖం చూసింది, వెళ్లిపోయింది. అప్పటిదాకా పది అడుగుల దూరంలో కూర్చునేది, ఆ రోజు నుంచి గేటు లోపలికే రావడం మానేసింది. నేను మెట్టు దిగితే చాలు, తోక ముడుచుకుని తుమ్మచెట్టు వెనక్కి పోయేది.

నాకు ఒళ్లు మండిపోయింది. పాలు పోశాను, బిస్కెట్లు పెట్టాను, గుడ్డు పెట్టాను. కొత్త స్టీలు గిన్నె కొన్నాను. "దా, దా" అని గొంతు పోయేలా పిలిచాను. పగలంతా మందికి కట్లు కట్టి, ఇంటికొచ్చి కుక్కను బతిమాలుకోవడం. పెట్టినవన్నీ కాకులు తిన్నాయి. ఒకరోజు విసుగొచ్చి గిన్నెను విసిరికొట్టాను, అది గోడకు తగిలి సొట్టపోయింది. చస్తే చావనీ, నాకేమన్నా పట్టిందా అని గట్టిగానే అన్నాను. పట్టింది. అందుకే ఆ రాత్రంతా నిద్ర లేదు.

అవ్వ మంచం మీద నుంచి ఇదంతా వింటూనే ఉంది. తొమ్మిదో రోజో పదో రోజో, తీరిగ్గా అంది: "గట్ల పిలిస్తె ఎందుకొస్తది బిడ్డా? మంద కాడ పెరిగిన కుక్క అది. గొర్ల దొంగలు మాంసంల మందు కలిపి ఏస్తరు. గందుకే మావోళ్లు ముందుగాల తాము ఒక బుక్క తింటరు, తిన్నంక అండ్లకెళ్లే దానికి ఏస్తరు. ఏసేటోడు మింగింది సూడంది అది ముట్టది. తల్లి గట్లనే నేర్పింది."

"ఈ మాట మొదటి రోజే చెప్తే ఏం పోయేది అవ్వా?"

"నువ్వడిగితివా?"

అవ్వ మీద వచ్చిన కోపమంతా పోయి నాదగ్గరే ఆగింది. మొదట మెడకు ఉరి బిగించాను, తర్వాత అచ్చం గొర్ల దొంగలాగే మాంసంలో మందు కలిపి పెట్టాను. దాని లెక్కలో నేనేమిటో దానికి బాగానే తెలుసు.

మరుసటి సాయంత్రం నుంచి వాకిట్లో నేల మీద కూర్చుని తినడం మొదలుపెట్టాను. అవ్వ చెప్పినట్టే పిలవలేదు, దానివైపు చూడలేదు, నా నోరు దానికి కనబడేలా పక్కకు తిరిగి కూర్చున్నాను. జొన్నరొట్టె తుంచి ఒక ముక్క నేను తిని, అదే రొట్టెలోంచి ఇంకో ముక్క పక్కకు వేసేదాన్ని. ఎంగిలంటే నాకు చచ్చేంత చిరాకు, చేతులు రోజుకు ముప్పైసార్లు కడుక్కునే ఉద్యోగం నాది. అయినా తిన్నాను. స్పిరిట్ వాసన పోవాలని దవాఖాన చీర విప్పి అవ్వ పాత చీర కట్టుకునేదాన్ని. మొదటి మూడు రోజులు ముక్కలు అలాగే పడి ఉన్నాయి. నాలుగో రోజు పక్కన చిన్న చప్పుడైంది. తిరిగి చూడాలని ప్రాణం లాగింది. చూడలేదు.

రోజుకొక అడుగు వచ్చింది. అడుగు కూడా కాదు, జానెడు. కొంగున కత్తెర ముడేసుకుని కూర్చునేదాన్ని. దగ్గరికొచ్చే కొద్దీ మెడ వాసన కొట్టేది, ఆ వాసన నాకు తెలుసు, ఎన్ని రోజులు మిగిలున్నాయో కూడా తెలుసు. ఇది జానెడు జానెడు వస్తుంటే నేను పళ్లు నూరుకుంటూ రొట్టె నమిలేదాన్ని. తొందరగా రావే నీకు దండం పెడతా అని లోపల తిట్టుకుంటూనే ఉన్నాను.

చివరికి ఒక రోజు, దవాఖానలో ఒళ్లు హూనమై వచ్చి, చీర మార్చుకుని వాకిట్లో కూలబడ్డాను. రెండో ముక్క వేశానో లేదో, మోకాలి కింద తడిగా తగిలింది. దాని ముక్కు. ఆ తర్వాత మెల్లగా మెడను నా తొడకేసి రుద్దింది, దురద అనుకుంటాను. కొంగు తడుముకున్నాను. కత్తెర లేదు. విప్పిన చీరతోపాటు గదిలోనే ఉండిపోయింది.

లేస్తే పోతుంది. పోతే మళ్లీ వచ్చేదాకా అది బతికి ఉండదు. వేలితో ముడి వెతికాను, దొరికింది. చెవి వెనక, చీముతో జారుతోంది. విప్పాలని చూశాను. నా ముడి నాకే రాలేదు.

"అవ్వా" అన్నాను, గొంతు లేవకుండా. "కత్తెర."

అవ్వ గూట్లోంచి గొర్ల బొచ్చు కత్తిరించే పెద్ద కత్తెర తీసుకుని, ఒక చెయ్యి నడుము మీద, ఒక చెయ్యి గోడ మీద పెట్టి వచ్చింది. ఆ పది అడుగులకు ఎంతసేపు పట్టిందో. ఆ కత్తెర చప్పుడుకు కుక్క బెదరలేదు, పుట్టినప్పటి నుంచి వింటున్నదే. కత్తెర మొన గవ్వ కిందుగా దూర్చి నొక్కాను.

దారం తెగింది. అది అరిచి నా మణికట్టు కొరికి పారిపోయింది. దారంతో పాటు చర్మం కూడా కొంత ఊడొచ్చింది.

ఆ రాత్రే మా దవాఖానలోనే మొదటి సూది వేయించుకున్నాను. వేసిన అమ్మాయి నవ్వు ఆపుకోలేక, "ఇరవై రోజులు అన్నం పెడితే ఇదా మేడం దాని విశ్వాసం?" అంది. నవ్వే ఓపిక నాకు లేదు. దాని విశ్వాసం సరిగ్గానే ఉంది, పాడుచేసింది నేనే అని చెప్పాలనిపించింది.

ఐదు రోజులకు అది గేటు దగ్గర కనబడింది. అవ్వ పసుపు, వేపాకు నూరి అందినంత రాసింది. గాయం మానింది, ఆ వరసలో వెంట్రుకలు మాత్రం ఇప్పటికీ రాలేదు. సాయంత్రాలు మళ్లీ వాకిట్లోకి వస్తుంది. నాలుగు మూరల దూరంలో కూర్చుంటుంది. అంతకన్నా దగ్గరికి రాలేదు, ఎన్ని రొట్టెలు తిన్నా.

మొన్నామధ్య నాకు జ్వరం వచ్చింది. నోరు చేదు, తిండి చూస్తేనే కడుపులో తిప్పుతోంది. అవ్వ చేసిన రొట్టె మొత్తం దాని ముందు వేసి గోడకు ఆనుకున్నాను. అది రొట్టెను చూడలేదు, నన్నే చూస్తూ కూర్చుంది. "తినవే, ఏం కలపలేదే, మూడేళ్లయింది, ఇంకా నమ్మవా" అని అరిచాను. కదల్లేదు.

పాక్కుంటూ వెళ్లి ఆ రొట్టెలోంచే ఒక ముక్క తుంచుకున్నాను. దాన్నీ నన్నూ కలిపి తిట్టుకుంటూ నమిలి, అది చూస్తుండగా మింగాను.