లేబుల్ ప్రింటరు, మా తాత వంటాయన

మా తాత కాలంలో శామీర్‌పేట చుట్టుపక్కల ఊళ్లు మా గడి, అంటే మా దొరల ఇంటి, మాట మీద నడిచేవి. నా కాలానికి నా మాట వినేవి నలభై కంప్యూటర్లు. తుర్కపల్లిలో మందులు పరీక్షించే ల్యాబులో వాటన్నిటికీ నేనే పెద్దను. వాటిలో ఏ మార్పు చేయాలన్నా ఒకటే పాస్‌వర్డు, అది నాకొక్కడికే తెలుసు. రెండువేల దశకం నడిమి సంగతి ఇది.

ఒక బుధవారం లేబుల్ ప్రింటర్లు అమ్మినవాళ్ల నుంచి ఉత్తరం వచ్చింది. ప్రింటరును నడిపించే డ్రైవరు ప్రోగ్రాములో లోపం ఉందట. దాన్ని పట్టుకుని మామూలు ఉద్యోగి కూడా నా అధికారాలన్నీ తెచ్చుకోగలడు. సవరణ ఇంకా తయారుకాలేదు కాబట్టి అప్పటిదాకా డ్రైవరు తీసేయమన్నారు. సోమవారం తనిఖీ. పరీక్ష ఫలితాలను ఎవరైనా దిద్దవచ్చని తేలితే ల్యాబు పరువుతో పాటు నా ఉద్యోగమూ పోతుంది. డ్రైవరు తీసేస్తే సీసాలకు లేబుళ్లుండవు.

అప్పుడే స్టోరు పెద్దాయన ఖాళీ లేబుళ్ల చుట్టకోసం వచ్చాడు. వాళ్ల నాయిన మా భూమి కౌలుకు చేసినవాడు. నన్ను దొరా అనే పిలుస్తాడు, సగం వేళాకోళంగా.

"ఏంది దొరా, పరేషాన్ల ఉన్నరు?"

చెప్పాను. పాస్‌వర్డు నా దగ్గరుండగా ఇంకొకరు లోపలికెలా పోతారన్నదే నాకు మింగుడుపడలేదు.

"గీ డ్రైవరు మీ గడిల వంటాయన లెక్కనే గదా," అన్నాడు. "మమ్ముల గుమ్మం ఎక్కనియ్యకపోతుండిరి. వంటాయనకు అడ్డు లేకుండె. మేం ఆయన చెవిల ఏస్తే, ఆయన పోయి 'దొర చెప్పిండు' అనేటోడు. గుమాస్త వడ్లకొట్టం తెరిచేటోడు. ఎవరి కోసమని అడిగినోడు లేడు."

"మా గడిలో అట్లాంటిది జరగదు."

"ఆ వడ్లు తిన్న కడుపు దొరా ఇది. అబద్ధమెందుకు జెప్త?"

"తాతకు తెలియలేదా?"

"తెలిసింది. తీసేస్తే వంటెవరు జేయాలె? వంటింటి గుమ్మం కాడ కుర్చీ ఏస్కోని తనే కూసున్నడు. ఏం గావాల్నన్నా తననే అడుగుమన్నడు."

శుక్రవారానికల్లా ముప్పై తొమ్మిది కంప్యూటర్లలో డ్రైవరు తీసేశాను. నా గదిలో ఒక్కదానిలోనే ఉంచి, దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ల్యాబంతా ట్రేలు పట్టుకుని నా గుమ్మం ముందు వరస కట్టింది. ప్రతి లేబులూ నేనే తీసి, చదివి, సీసాకు అంటించాను.

"దొరా, గిది వంకర వడ్డది."

"నేను అంటించింది వంకర పడదు."

పెద్దాయన సీసాను వెలుతురుకు ఎత్తి చూశాడు. వంకర లేదు.

సోమవారం తనిఖీకి వచ్చినాయన ఆ ఉత్తరం చదివి, ల్యాబులో ఒక కంప్యూటరు ముందు కూర్చుని వెతికాడు. డ్రైవరు జాడ లేదు. "మరి లేబుళ్లు ఎవరు తీస్తున్నారు?" అన్నాడు. నా గదిలోని కంప్యూటరులో నేనే తీస్తున్నానని చెప్పాను. నా గది ముందున్న వరసను చూసి, కాగితం మీద టిక్కు పెట్టి పక్క గదికి వెళ్లిపోయాడు.

కొన్ని వారాలకు సవరించిన డ్రైవరు వచ్చింది. ముందు ఒక కంప్యూటరులో వేసి, మామూలు ఉద్యోగిలా ఆ లోపం గుండా లోపలికి పోవాలని చూశాను. పోలేకపోయాను. తర్వాతే అన్నిటిలో వేశాను.

"అంటే ఇగ వంటాయన మా మాట వినడు," అన్నాడు పెద్దాయన.

"వినడు."

"మంచిదే." తన కంప్యూటరులో తీసుకున్న మొదటి లేబులును సీసాకు అంటించాడు. వంకర పడింది. సీసాను నా ముందు పెట్టాడు. నేను లేబులు ఊడదీసి తిన్నగా అంటించాను.